లైబ్రేరియన్లు ఉద్యోగం మారాలంటే: తిరుపతి, చిత్తూరు వాళ్లకు దారులు, జీతాల లెక్క, సన్నాహం

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కాలేజీల్లో, బడుల్లో పనిచేసే లైబ్రేరియన్లు పదేపదే అడిగే ప్రశ్నలు రెండు. ఈ చదువుతో ఇంకేం చేయొచ్చు? మారితే చేతికి ఎంత వస్తుంది? రెంటికీ జవాబు మీ దగ్గరున్న కాగితాలను బట్టి, మీరు చేసి చూపించగల పనిని బట్టి మారిపోతుంది. అందుకే ఇందులో ఉద్యోగాల జాబితాకన్నా సన్నాహానికి ఎక్కువ చోటిచ్చాం. ఆరు నెలల నుంచి ఏడాది పట్టే పని అనుకుని మొదలుపెట్టండి.

1. ముందు కాగితాలు తేల్చుకోండి

సర్టిఫికెట్లన్నీ బల్ల మీద పరిచి ఈ నాలుగు చూడండి.

☐ ఎం.ఎల్.ఐ.ఎస్‌సీలో (లైబ్రరీ సైన్స్ పీజీలో) 55 శాతం ఉందా? ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది.
☐ నెట్, సెట్ (జాతీయ, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలు) లేదా నిబంధనలకు సరిపోయే పీహెచ్‌డీ ఉందా?
☐ బి.ఎల్.ఐ.ఎస్‌సీకి (లైబ్రరీ సైన్స్ డిగ్రీకి) ముందు చేసిన డిగ్రీ ఏది? సైన్సా, కామర్సా, ఆర్ట్సా? లైబ్రరీ బయటి ఉద్యోగాలకు ఇదే కీలకం.
☐ ఇప్పటి నియామక పత్రంలో హోదా ఏమని ఉంది? నోటిఫికేషన్‌లో కాలేజీ లైబ్రేరియన్ అనుభవం అడిగితే, లైబ్రరీ అసిస్టెంట్‌గా చేసిన ఏళ్లు దాని కింద చెల్లవు.

55 శాతానికి ఒకటి రెండు మార్కులు తక్కువైన వాళ్లు చాలామంది నెట్ పాసై ఆగిపోతారు. నెట్‌కు ఫీజు కట్టే ముందే మీ యూనివర్సిటీలో ఇంప్రూవ్‌మెంట్ అవకాశం ఉందేమో కనుక్కోండి. లేకపోతే దూరవిద్యలో ఎం.ఎల్.ఐ.ఎస్‌సీ మళ్లీ చేయడమే మార్గం.

నెట్ గురించి రెండు మాటలు. లైబ్రరీ సైన్స్ సబ్జెక్టు కోడ్ 59. రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. నెగెటివ్ మార్కుల్లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. జేఆర్ఎఫ్‌కే (పరిశోధన ఫెలోషిప్‌కే) వయసు పరిమితి ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు లేదు, నలభై ఐదేళ్ల వాళ్లూ రాయొచ్చు. లైబ్రేరియన్లు ఎక్కువగా తప్పేది సొంత సబ్జెక్టులో కాదు, మొదటి పేపర్లో. డేటా ఇంటర్‌ప్రెటేషన్, లాజిక్ ఏళ్ల తరబడి ముట్టకపోవడమే కారణం. రోజూ చదివే సమయంలో సగం దానికే ఇవ్వండి.

2. లైబ్రరీలోనే ఉంటూ పైకి వెళ్లే దారి

ఏడో వేతన సంఘం, యూజీసీ స్కేళ్ల ప్రకారం మొదటి మూల వేతనాలు ఇవి.

• లైబ్రరీ అటెండెంట్, లెవెల్ 1: 18,000
• లైబ్రరీ అసిస్టెంట్, లెవెల్ 4: 25,500
• సెమీ ప్రొఫెషనల్ అసిస్టెంట్, లెవెల్ 5: 29,200
• ప్రొఫెషనల్ అసిస్టెంట్, లెవెల్ 6: 35,400
• కేంద్రీయ విద్యాలయ, నవోదయ లైబ్రేరియన్, లెవెల్ 7: 44,900
• యూనివర్సిటీ అసిస్టెంట్ లైబ్రేరియన్, కాలేజీ లైబ్రేరియన్, అకడమిక్ లెవెల్ 10: 57,700
• డిప్యూటీ లైబ్రేరియన్, లెవెల్ 13ఏ: 1,31,400
• యూనివర్సిటీ లైబ్రేరియన్, లెవెల్ 14: 1,44,200

వీటికి డీఏ, ఇంటద్దె భత్యం కలుస్తాయి. కేంద్రీయ విద్యాలయ లైబ్రేరియన్‌నే తీసుకుందాం. 44,900 మూల వేతనం మీద 2025 జులై నుంచి అమలైన 58 శాతం డీఏ 26,042. రెండూ కలిపి 70,942. ఇంటద్దె భత్యం కనీస రేటు 10 శాతం చొప్పున 4,490. మొత్తం 75,432. ఇందులో పెన్షన్ చందా 10 శాతం, అంటే 7,094 పోతుంది. మిగిలేది 68,338. రవాణా భత్యం దీనికి అదనం, మిగతా కోతలు వేరు.

నెట్ లేనివాళ్లకు, ముప్పై ఐదు దాటనివాళ్లకు అన్నిటికన్నా అందుబాటులో ఉన్నది ఇదే. కేంద్రీయ విద్యాలయానికి బి.ఎల్.ఐ.ఎస్‌సీ గానీ, డిగ్రీ మీద ఏడాది లైబ్రరీ సైన్స్ డిప్లొమా గానీ చాలు. హిందీ, ఇంగ్లిష్ పని నడిపేంత రావాలి. మనవాళ్లు హిందీని చివరి నెలదాకా పట్టించుకోరు. పోస్టింగు దేశంలో ఎక్కడైనా రావచ్చు, నవోదయలో అయితే క్యాంపస్‌లోనే ఉండాలి. ముసలి తల్లిదండ్రులో, ఉద్యోగం చేసే భార్యో భర్తో ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టకముందే ఇంట్లో ఈ మాట తేల్చుకోవాలి.

తిరుపతిలో కనిపెట్టుకుని ఉండాల్సిన సంస్థలు: ఐఐటీ, ఐసర్, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, వెటర్నరీ విశ్వవిద్యాలయం, స్విమ్స్. చిత్తూరు వైపు కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం. ఎవరి నోటిఫికేషన్లు వాళ్ల వెబ్‌సైట్లలో విడివిడిగా వస్తాయి. ప్రతి సోమవారం పది నిమిషాలు కేటాయించి ఆ పేజీలన్నీ వరసగా చూడటం అలవాటు చేసుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపేసరికి చివరి తేదీ రేపు ఉంటుంది.

ప్రైవేటు కాలేజీ నుంచి ప్రైవేటు కాలేజీకి మారేవాళ్లు ఒకటే అడగాలి: "నెలనెలా బ్యాంకులో ఎంత పడుతుంది, పీఎఫ్ ఎంత మీద కడతారు?" నియామక పత్రంలో స్కేలు రాసినంత మాత్రాన ఆ డబ్బు వస్తుందని కాదు.

3. లైబ్రరీ బయట మీ పనికి విలువిచ్చే చోట్లు

డాక్యుమెంట్ కంట్రోల్: మనవాళ్లకు అతి దగ్గరగా ఉండి, ఎక్కువమంది చూడని దారి ఇదే. శ్రీసిటీ లాంటి పారిశ్రామిక వాడల్లో నాణ్యతా ధ్రువీకరణ ఉన్న ఏ ఫ్యాక్టరీకైనా పత్రాల నియంత్రణ తప్పనిసరి. ఐఎస్ఓ 9001 ప్రమాణంలో 7.5 విభాగం అంతా దాని గురించే. ప్రతి డ్రాయింగుకూ, విధాన పత్రానికీ నంబరు, రివిజన్, ఆమోద సంతకం, ఎవరికి ఏ కాపీ ఇచ్చారో వివరం ఉండాలి. పాత రివిజన్ షాప్‌ఫ్లోర్ మీద మిగలకూడదు. అక్సెషన్ నంబరు, కాల్ నంబరు, ఇష్యూ రిజిస్టర్, వీడింగ్ (పనికిరాని పుస్తకాలు తీసేయడం) తెలిసిన మనిషికి ఇందులో కొత్తేముంది? కొత్తగా నేర్చుకోవాల్సినవి ఎక్సెల్, షేర్‌పాయింట్, ఆడిట్ భాష. ఆ 7.5 విభాగాన్ని ఇంటర్వ్యూకు ముందు రెండుసార్లు చదివి వెళ్లండి.

మెటాడేటా, టాక్సానమీ, నాలెడ్జ్ మేనేజ్‌మెంట్: ఈ ఉద్యోగాలు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలో ఉంటాయి. ప్రకటనల్లో లైబ్రేరియన్ అన్న మాటే కనిపించదు. మెటాడేటా స్పెషలిస్ట్, టాక్సానమిస్ట్, డిజిటల్ అసెట్ మేనేజర్, రికార్డ్స్ అనలిస్ట్, కంటెంట్ అనలిస్ట్ అని వెతకాలి.

వైద్య సమాచార అన్వేషణ: మెడికల్ కాలేజీల్లో సిస్టమాటిక్ రివ్యూలకు పబ్‌మెడ్‌లో మెష్ (వైద్య విషయాల ప్రామాణిక పదజాలం) పదాలతో వెతికే వ్యూహం రాయగలిగిన మనిషి కావాలి. ఔషధ భద్రతా విభాగాల్లో సాహిత్య పరిశీలన పని ఉంటుంది గానీ, అక్కడ చాలాచోట్ల ఫార్మసీ లేదా లైఫ్ సైన్సెస్ డిగ్రీ అడుగుతారు. పేటెంట్ అన్వేషణకూ సైన్స్, ఇంజినీరింగ్ నేపథ్యం కావాలి. పేటెంట్ ఏజెంట్ పరీక్షకైతే చట్టప్రకారమే ఆ డిగ్రీ ఉండాలి. తెలుగు సాహిత్యం, చరిత్ర డిగ్రీలవాళ్లు ఈ రెంటి మీద కాలం పెట్టొద్దు.

తాళపత్రాలు, డిజిటైజేషన్: శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడివాళ్లకు ఈ అవకాశం దగ్గర. 2025-26 బడ్జెట్‌లో కోటికి పైగా రాతప్రతుల సర్వే, సంరక్షణ కోసం జ్ఞాన భారతం మిషన్ ప్రకటించారు. గ్రంథ, నందినాగరి లిపుల్లో ఒకటైనా చదవగలిగితే మీకు పోటీ బాగా తగ్గుతుంది. ప్రాజెక్టు పోస్టులు కాలపరిమితి ఉన్నవి, కన్సాలిడేటెడ్ జీతంతో నడిచేవి. ప్రాజెక్టు ఏ తేదీన ముగుస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోకుండా చేరొద్దు.

ప్రచురణకర్తలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు: డేటాబేస్ శిక్షకులు, కోహా (లైబ్రరీ నిర్వహణ సాఫ్ట్‌వేర్) సపోర్టు ఇంజినీర్లు. 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం మొదలయ్యాక ప్రభుత్వ విద్యాసంస్థలకు జర్నళ్లు కేంద్రం ద్వారా అందుతున్నాయి. కాబట్టి చందాల అమ్మకాల ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఆ కంపెనీ ఆదాయం ప్రైవేటు సంస్థల నుంచి ఎంతో అడిగి తెలుసుకోవడం మంచిది.

4. చేతిలో ఒక రుజువు తయారు చేసుకోండి

"కోహా తెలుసు" అని రాయనివాళ్లు లేరు. రెండు వందల పుస్తకాలతో మొదటినుంచి కట్టి చూపించేవాళ్లు తక్కువ. రోజుకు గంటన్నర పెడితే రెండు నెలల్లో అయ్యే పని ఇది.

4.1 కావాల్సినవి

☐ 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. వర్చువల్ మెషీన్‌కు 4 జీబీ, 40 జీబీ డిస్కు ఇవ్వండి.
☐ డెబియన్ లేదా ఉబుంటు సర్వర్
☐ కోహా ప్యాకేజీలు, మరియాడీబీ
☐ ఎక్సెల్ లేదా లిబ్రేఆఫీస్, మార్క్‌ఎడిట్ (క్యాటలాగ్ రికార్డులు మార్చే సాఫ్ట్‌వేర్)
☐ 200 పుస్తకాలు: 120 తెలుగు, 80 ఇంగ్లిష్. ఇంట్లోవి చాలకపోతే మీ వీధి గుడిలోనో, బడిలోనో బీరువా అడగండి, వాళ్లకూ ఒక జాబితా మిగులుతుంది.

4.2 క్రమం

ముందు ఇన్‌స్టాల్ చేసి, వెబ్ ఇన్‌స్టాలర్‌లో మార్క్ 21 (పుస్తక వివరాలు నమోదు చేసే ప్రామాణిక పద్ధతి) ఎంచుకోండి. పుస్తకాల జోలికి వెళ్లకముందే లైబ్రరీ పేరు, ఐటెమ్ రకాలు, సభ్యుల వర్గాలు, సర్క్యులేషన్ నియమాలు, ఈ వరసలో పెట్టాలి. నియమాలు పెట్టకపోతే కోహా పుస్తకం ఇష్యూ చేయదు, తప్పు ఎక్కడుందో తెలియక రోజులు పోతాయి. డేటాబేస్ యూజర్‌తో లాగిన్ అయి ఇష్యూ చేయబోయినా ఇదే తంటా. ముందు ఒక సూపర్ లైబ్రేరియన్ సభ్యుణ్ణి సృష్టించి, ఆ పేరుతోనే పని చేయండి.

తర్వాత క్యాటలాగింగ్. ప్రతి రికార్డులో కనీసం ఇవి ఉండాలి: 020 ఐఎస్‌బీఎన్, 082 డ్యూయీ సంఖ్య, 100 రచయిత, 245 శీర్షిక, 264 ప్రచురణ, 300 పుటలు, 650 విషయం, 952 కాపీ వివరాలు. ఇంగ్లిష్ పుస్తకాలకు జెడ్39.50 (వేరే లైబ్రరీల క్యాటలాగుల్లో వెతికే పద్ధతి) ద్వారా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి రికార్డులు దించుకోండి. తెలుగు పుస్తకాలకు అక్కడ దొరికే రికార్డుల్లో శీర్షిక ఎక్కువగా రోమన్ లిపిలోనే ఉంటుంది, తెలుగులో టైపు చేసి వెతికితే దొరకదు. వాటిని మీరే రాసుకోవాలి.

సగం పుస్తకాలు నేరుగా ఎక్కించండి. మిగతా సగం ఎక్సెల్‌లో కొట్టి, మార్క్‌ఎడిట్‌తో మార్చి, ఒకేసారి దిగుమతి చేయండి. పాత డేటా కొత్త చోటికి తరలించడం వచ్చా అన్నదే ఇంటర్వ్యూలో అసలు ప్రశ్న.

4.3 ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

రికార్డులు వచ్చాయి గానీ కాపీలు రాలేదు: 952లో ఏ, బీ, వై ఉపక్షేత్రాలు ఖాళీగా ఉంటాయి. మాతృ లైబ్రరీ, ప్రస్తుత లైబ్రరీ, ఐటెమ్ రకం కోడ్లు కోహాలో పెట్టినవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

బార్‌కోడు 000123 కాస్తా 123 అయింది: ఎక్సెల్ ముందు సున్నాలు తినేసింది. టైపు చేయకముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చండి.

ఎక్కించిన పుస్తకం వెతికితే రావడం లేదు: కోహాలో వెతకడానికి సూచిక తయారుచేసే జెబ్రా ఇండెక్సర్ ఆగిపోయి ఉంటుంది. దాన్ని నడిపించి, పూర్తి రీఇండెక్స్ చేయండి.

తెలుగు శీర్షికలు చెత్త అక్షరాలుగా కనిపిస్తున్నాయి: పాత జాబితా యూనికోడ్ కాని 'అను' అనే ఫాంట్లలో కొట్టింది. యూనికోడ్‌కు మార్చాక కూడా ఒత్తులు, అరసున్నలు కంటితో సరిచూడాలి. కన్వర్టర్ మీద పూర్తిగా ఆధారపడితే పరువు పోతుంది.

"సాఫ్ట్‌వేర్" ఒకచోట దొరుకుతుంది, ఇంకోచోట దొరకదు: పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒక కీబోర్డు పెడుతుంది, ఇంకోటి పెట్టదు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు మాటలు. ఏదో ఒక పద్ధతి తేల్చుకుని, దిగుమతికి ముందే ఫైలు మొత్తం ఆ పద్ధతికి మార్చేయండి. తెలుగు డేటాతో నిజంగా పని చేసినవాళ్లకే తెలిసే సంగతి ఇది. ఇంటర్వ్యూలో తప్పకుండా చెప్పండి.

చివరికి డేటాబేస్ బ్యాకప్ తీసి, వేరే వర్చువల్ మెషీన్‌లో తిరిగి ఎక్కించి చూడండి. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను నమ్మొద్దు. అంతా అయ్యాక నాలుగు పేజీల నివేదిక రాయండి: ఏం ఉంది, ఏం చేశారు, ఏం చెడింది, ఎలా బాగుచేశారు. స్క్రీన్‌షాట్లు ఆరుకు మించొద్దు.

డాక్యుమెంట్ కంట్రోల్ వైపు వెళ్లేవాళ్లు కోహా బదులు 50 పత్రాల మాస్టర్ లిస్ట్, రివిజన్ చరిత్ర, పంపిణీ పట్టిక ఎక్సెల్‌లో చేసి చూపిస్తే చాలు.

5. రెజ్యూమే

రెండు పేజీలు. మీ పనిని అవతలివాళ్ల భాషలో రాయండి. స్టాక్ వెరిఫికేషన్ చేశారా? ఎన్ని వేల వాల్యూములు, ఎన్ని రోజుల్లో, ఎన్ని తేడాలు తేలాయో రాయండి. న్యాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) పరిశీలనకు లైబ్రరీ పత్రాలు మీరే సిద్ధం చేశారా? అది ఆడిట్ అనుభవం. పుస్తకాల కొనుగోళ్లకు కొటేషన్లు పిలిచి, పోలిక పట్టిక వేశారా? అది కొనుగోలు అనుభవం. "విధులు: పుస్తకాలు ఇష్యూ చేయుట, తిరిగి తీసుకొనుట" అన్న వాక్యం తీసేయండి. లైబ్రరీ సైన్స్‌లోని రంగనాథన్ పంచ సూత్రాలు కూడా ఫ్యాక్టరీ హెచ్ఆర్‌కు అక్కర్లేదు.

6. జీతం మాట: సీటీసీని విప్పి చూడండి

సీటీసీ అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, చేతికొచ్చే జీతం కాదు. "ఏడాదికి ఆరు లక్షలు" అంటే నెలకు యాభై వేలు అనుకుని ఊ అనేస్తారు. ఒక మామూలు లెక్క చూడండి. పది శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) అయితే నెలకు 5,000 పక్కకు పోయి 45,000 మిగులుతుంది. బేసిక్ 25,000 అనుకుంటే యజమాని పీఎఫ్ వాటా 3,000, గ్రాట్యుటీ కింద 1,203 అందులోంచే తీస్తారు, 40,797. మీ పీఎఫ్ వాటా 3,000, వృత్తి పన్ను 200 పోతే చేతికి 37,597. కొన్నిచోట్ల ఆరోగ్య బీమా ప్రీమియం కూడా ఇందులోనే లెక్కేస్తారు.

ఇప్పుడు ఈ 37,597 లోంచి బెంగళూరు అద్దె, భోజనం, నెలకు రెండుసార్లు ఊరొచ్చే ఛార్జీలు తీసేయండి. తిరుపతిలో సొంతింట్లో ఉంటూ తెచ్చుకునే జీతంలో మిగిలేదానితో పోల్చండి. తేడా నెలకు ఐదు వేలలోపు ఉంటే, ఆ ఉద్యోగం మూడేళ్ల తర్వాత ఎక్కడికి తీసుకెళ్తుందో చూసి మాత్రమే వెళ్లాలి. ఇంటి అడ్వాన్సుకు కొన్ని నెలల అద్దె ఒకేసారి కట్టాలన్నది మరవద్దు.

హెచ్ఆర్‌ను అడగాల్సినవి:

☐ ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, పోయినేడు వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు?
☐ కంపెనీ పేరోల్ మీదా, ఏజెన్సీ ద్వారానా?
☐ నోటీసు కాలం ఎంత? బాండ్ ఉందా?
☐ ప్రొబేషన్‌లో జీతం తగ్గుతుందా?

7. సొంతంగా స్టడీ హాల్ పెట్టాలనుకుంటే

గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థులున్న ఊళ్లో ఈ ఆలోచన అందరికీ వస్తుంది. ముందు లెక్క వేయండి. ఉదాహరణకు అద్దె 30,000, కరెంటు 12,000, కాపలా మనిషి 12,000, నెట్టు, నీళ్లు 4,000, ఫర్నిచర్ తరుగుదల 8,000 అనుకుంటే నెలకు 66,000. సీటు 1,200 అయితే 55 సీట్లు నిండితే ఖర్చు వస్తుంది, మీ జీతం ఆ పైన. నోటిఫికేషన్ పడినప్పుడు నిండే హాలు పరీక్ష అయిన మర్నాడు ఖాళీ అవుతుంది. ఏడాదిలో నాలుగు నెలలు సగమే నిండుతుందనుకుని లెక్క కట్టాలి. ఇంటి మీటరు మీద నడిపితే తనిఖీలో వాణిజ్య రేటుతో వెనకటి బిల్లు కూడా పడుతుంది. అద్దె ఒప్పందానికి ముందే మీటరు మార్పిడి, ట్రేడ్ లైసెన్సు సంగతి ఇంటి యజమానితో మాట్లాడుకోండి.

థీసిస్ ఫార్మాటింగ్, జోటెరో (రిఫరెన్సులు కూర్చే సాఫ్ట్‌వేర్) శిక్షణ లాంటివి ఇంటినుంచి చేయొచ్చు. కాలేజీ లాగిన్‌తో బయటివాళ్ల థీసిస్‌లకు ప్లేజియరిజం రిపోర్టు తీసివ్వడం మాత్రం ఉద్యోగానికి ఎసరు పెట్టే పని.

8. రాజీనామా: పుస్తకాల లెక్క అప్పగించే దాకా

లైబ్రేరియన్ల రాజీనామాలో అందరికన్నా ఎక్కువ చిక్కు ఇక్కడే. ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే లేఖ ఇవ్వండి. అదే రోజు ఇంకో లేఖ కూడా ఇచ్చి రసీదు తీసుకోండి: స్టాక్ వెరిఫికేషన్‌కు కమిటీ వేయమని. చివరి వారం దాకా ఆగితే పోయిన పుస్తకాల ఖరీదు మీ ఆఖరి జీతంలోంచి పట్టుకునే ప్రమాదం ఉంది.

పోయిన పుస్తకాలన్నీ లైబ్రేరియన్ కట్టాలన్న నియమం లేదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం చూడండి. ఏడాదిలో ఇష్యూ చేసిన, సంప్రదించిన ప్రతి వెయ్యి వాల్యూములకు ఐదు పోవడం సహజ నష్టంగా పరిగణించవచ్చు, మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ, అరుదైన పుస్తకం గానీ పోతే విచారణ ఉంటుంది. ప్రైవేటు కాలేజీలకు ఇది నేరుగా వర్తించదు గానీ, కమిటీ ముందు పెట్టడానికి ఇంతకన్నా గట్టి కొలమానం దొరకదు. ఏడాదికి 12,000 ఇష్యూలుంటే 60 వాల్యూములు. మీ సర్క్యులేషన్ రిపోర్టు ప్రింటు తీసి జతచేయండి.

అప్పగింత జాబితా, రెండు కాపీలు, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు:

☐ అక్సెషన్ రిజిస్టర్‌లో చివరి నంబరు, తేదీ
☐ తిరిగి రావాల్సిన పుస్తకాల జాబితా, అధ్యాపకులవి విడిగా
☐ జరిమానాల నగదు పుస్తకం, రసీదు పుస్తకాలు
☐ కోహా సూపర్ లైబ్రేరియన్ పాస్‌వర్డ్, తాజా బ్యాకప్
☐ ఈ-జర్నళ్ల లాగిన్లు. సర్వరో, డొమైనో మీ సొంత జీమెయిల్ మీద ఉంటే కాలేజీ మెయిల్‌కు మార్పించండి.
☐ బైండింగుకు వెళ్లినవి, బిల్లు పెండింగులో ఉన్న ఆర్డర్లు
☐ తాళాలు

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఉంటే, తిరిగి ఇమ్మని రాజీనామా లేఖలోనే ఒక వాక్యం చేర్చండి. విద్యార్థుల వివరాలున్న ఏ ఫైలూ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లొద్దు.

గ్రాట్యుటీ తేదీ చూసుకోండి. పర్మనెంటు ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. నెలకు 18,000 బేసిక్, డీఏ ఉన్నవాళ్లకు ఐదేళ్లకు 51,923 వస్తుంది. నాలుగేళ్ల పది నెలల దగ్గర ఉంటే చేరే తేదీని రెండు నెలలు జరపమని కొత్తవాళ్లను అడగడంలో తప్పులేదు.

పీఎఫ్ డబ్బు తీసేయకండి, పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీదే కొత్త సంస్థకు బదిలీ పెట్టండి. పెన్షన్‌కు కావాల్సిన పదేళ్ల సర్వీసు అలాగే కలుస్తుంది. పాత కాలేజీ మీ నిష్క్రమణ తేదీ నమోదు చేయకపోతే బదిలీ ఆగిపోతుంది. చివరి నెల చందా పడ్డాక రెండు నెలలు ఆగి, పీఎఫ్ పోర్టల్‌లో ఆ తేదీ మీరే నమోదు చేసుకోవచ్చు.